కోడింగ్ బూట్‌క్యాంప్‌కి డబ్బు కట్టే ముందు ఒక రొయ్యల చెరువు లెక్క

[తెర మీద: భీమవరం దగ్గర చెరువు గట్టు. వెనక ఏరేటర్లు తిరుగుతుంటాయి. నడుస్తూ మాట్లాడాలి.]

నమస్తే అండి. ఇవి మా బాబాయి లీజుకి తీసుకున్న చెరువులు. ఒక చెరువులో లక్ష రొయ్య పిల్ల వేశారనుకోండి. పట్టుబడి రోజుకి అరవై వేలు మిగిలాయి. సర్వైవల్ ఎంత అని అడిగితే ఏ రైతైనా అరవై శాతం అంటాడు. మధ్యలో పోయినవాటిని తీసేసి, మిగిలినవాటి మీద లెక్కేసి వందకి వంద అని ఎవరూ చెప్పరు.

ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

నేను బీకాం చదివాను. ఆరేళ్లు ఒక మేత డీలరు దగ్గర అకౌంట్లు రాశాను. తరవాత బూట్‌క్యాంప్‌లో చేరాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా పని చేస్తున్నాను. పాలకొల్లు నుంచి, రాజోలు నుంచి, అమలాపురం నుంచి ఫోన్లు వస్తుంటాయి. "మమ్మల్ని కూడా చేరమంటారా అండి?" అని. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పేదాన్ని ఇవాళ అందరికీ ఒకేసారి చెబుతున్నాను.

[తెర మీద: ఇంట్లో బల్ల, ల్యాప్‌టాప్.]

బూట్‌క్యాంప్ అంటే సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చే కఠినమైన శిక్షణ. ఆ పేరునే కోడింగ్ కోర్సులకి పెట్టారు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డెవ్ బూట్‌క్యాంప్ ఇలాంటివాటిలో తొలితరంది. అది 2017లో మూతపడింది. కానీ పద్ధతి ప్రపంచమంతా పాకింది. నాలుగేళ్ల డిగ్రీలో ఉండే సిద్ధాంతం చాలా వరకు పక్కన పెట్టి, ఉద్యోగంలో రోజూ చేసే పనిని కొన్ని నెలల్లో నేర్పుతారు. వెబ్ పేజీలు కట్టే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, సమాచారం దాచే డేటాబేస్, కోడ్‌లో చేసిన మార్పులు గుర్తుంచే గిట్. వీటి మీద రియాక్ట్, నోడ్ అనే జావాస్క్రిప్ట్ పనిముట్లు, లేదంటే జావా, పైథాన్ భాషలు. మన దగ్గర ఇంటర్వ్యూల కోసం డేటా స్ట్రక్చర్లు, అంటే సమాచారాన్ని అమర్చే పద్ధతులు కూడా కలుపుతారు.

ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఫ్రీకోడ్‌క్యాంప్ ఉంది, ది ఓడిన్ ప్రాజెక్ట్ ఉంది, హార్వర్డ్ వాళ్ల సీఎస్50 ఉంది, మన ఎన్‌పీటెల్ పాఠాలు ఉన్నాయి. మరి ఫీజు దేనికి కడుతున్నట్టు?

నా అనుభవంలో ఆ డబ్బుకి సరిపడే పని ఒక్కటే. నేను రాసిన కోడ్‌ని తెలిసిన మనిషి ఒకరు కూర్చుని చదవడం. అదెలా ఉంటుందో చూపిస్తాను.

[తెర మీద: మేత పుస్తకం పేజీ దగ్గరగా. తరవాత అదే పేజీ కంప్యూటర్‌లో.]

ఇది బాబాయి మేత పుస్తకం. ఏ పూట ఎన్ని కిలోలు వేశారు, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, అన్నీ ఇందులోనే రాస్తారు. కొన్ని పేజీల మీద చెరువు నీళ్లు పడి అంకెలు అలుక్కుపోయాయి. నా మొదటి ప్రాజెక్టు ఈ పుస్తకాన్ని వెబ్ పేజీగా మార్చడం. పొద్దున మేత ఒక గడిలో, మధ్యాహ్నం మేత ఇంకో గడిలో కొడితే కింద మొత్తం రావాలి, అంతే.

పొద్దున 25, మధ్యాహ్నం 30 కొట్టాను. మొత్తం 2530 అని వచ్చింది.

బాబాయికి చూపిస్తే, "ఒరేయ్, ఒక్కరోజులో రెండున్నర టన్నులా?" అన్నారు. రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. కూడిక గుర్తు సరిగ్గానే ఉంది, అంకెలూ సరిగ్గానే ఉన్నాయి. ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు బూట్‌క్యాంప్‌లో నాకు నేర్పే మెంటర్‌కి చూపించాను. ఆయన జవాబు చెప్పలేదు. "ఆ రెండు విలువలూ ఏ రకమో కన్సోల్‌లో అడిగి చూడండి" అన్నారు. కన్సోల్ అంటే బ్రౌజర్‌లోనే కోడ్ కొట్టి జవాబు చూసుకునే చోటు. అడిగాను. రెండింటికీ 'స్ట్రింగ్' అని వచ్చింది. అంటే గడిలో మనం కొట్టింది అంకే అయినా, జావాస్క్రిప్ట్ చేతికి అది అక్షరాలుగానే వస్తుంది. అక్షరాల మధ్య కూడిక గుర్తు పెడితే అది కూడదు, పక్కపక్కన అతికిస్తుంది. అందుకే 25 పక్కన 30 చేరి 2530 అయింది. ముందు వాటిని నంబర్‌గా మార్చి కూడితే 55 వచ్చింది.

ఆ తప్పు మళ్లీ చేయలేదు. ఏ విలువ చేతికొచ్చినా ముందు దాని రకం చూడడం ఆ రోజు నుంచే అలవాటైంది. ఇప్పుడు ఏఐ టూల్‌ని అడిగితే రెండు సెకన్లలో సరిచేసి ఇచ్చేస్తుంది. ఉద్యోగంలో నేనూ వాడతాను. కానీ నేర్చుకునే రోజుల్లో, తప్పు ఎక్కడుందో మీరు ఒకసారి వెతక్కముందే దానికి అప్పగించకండి. లేదంటే రేపు ఇంటర్వ్యూలో పక్కన కూర్చుని "ఈ లైను ఎందుకు రాశారు?" అని అడిగితే నోరు పెగలదు. అలా ఇబ్బంది పడ్డవాళ్లని చూశాను, బాధేసింది.

కాబట్టి ఏ సంస్థకి ఫోన్ చేసినా ముందు ఇవి అడగండి. నా కోడ్ ఎవరు చూస్తారు? వారానికి ఎన్నిసార్లు? ఒక్క మెంటర్‌కి ఎంతమంది? రికార్డు చేసిన వీడియోలు, ఒక వాట్సాప్ గ్రూపు ఇచ్చి, సందేహం పెడితే మూడు రోజులకి జవాబు వచ్చే చోట లక్షలు పోయకండి.

[తెర మీద: మళ్లీ చెరువు గట్టు. నిలబడి మాట్లాడాలి.]

ఇప్పుడు ఆ సర్వైవల్ లెక్క. ప్రకటనలో "తొంభై శాతం ప్లేస్‌మెంట్" అని ఉంటుంది. దేనిలో తొంభై?

[తెర మీద అంకెలు: 100, 40, 30, 27]

వందమంది చేరారనుకుందాం. చివరిదాకా ఉన్నది నలభై మంది. వాళ్లలో పరీక్షలు, హాజరు చూసి "ప్లేస్‌మెంట్‌కి అర్హులు" అని ముప్పై మందినే ఎంచారు. ఇరవై ఏడుగురికి ఉద్యోగాలు వచ్చాయి. ముప్పైలో ఇరవై ఏడు అంటే తొంభై శాతం, నిజమే. కానీ వేసిన పిల్ల వంద. రైతు లెక్కలో ఇది ఇరవై ఏడు శాతం.

ఇది ఊరికే ఊహించి చెప్పే భయం కాదండి. అమెరికాలో లాంబ్డా స్కూల్ అని ఒకటి పెద్ద పేరు తెచ్చుకుంది. తరవాత బ్లూమ్‌టెక్ అని పేరు మార్చుకుంది. 71 నుంచి 86 శాతం మందికి ఉద్యోగాలు వస్తున్నాయని ప్రచారం చేసింది. సంస్థ లోపలి లెక్కల్లో అది యాభై దరిదాపుల్లోనే ఉందని, కొన్ని బ్యాచ్‌లలో ముప్పైకి కూడా పడిందని అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ 2024 ఏప్రిల్‌లో బయటపెట్టి చర్య తీసుకుంది. "ఉద్యోగం వచ్చాకే కట్టండి" అంటూ ఇచ్చిన ఒప్పందాలు నిజానికి అప్పులేనని కూడా తేల్చింది.

మన దగ్గరా ఆ మాట వింటాం. ఒప్పందంలో జీతంలో 15 శాతం, మూడేళ్లు అని ఉందనుకోండి. ఏడాదికి 5 లక్షల జీతమైతే ఏటా 75,000, మూడేళ్లకి 2,25,000. ఈ మొత్తం ముందే వేసుకుని చూడండి. ఎంత జీతం దాటితే మొదలవుతుంది, గరిష్ఠంగా ఎంత, మీరే స్వయంగా వేరే ఉద్యోగం వెతుక్కున్నా కట్టాలా అన్నది కాగితం మీద చదవండి.

ఇంకోటి ఈఎంఐ. దీని దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

చేరే రోజు కౌన్సెలర్ ఫోన్‌లో ఉండగానే మీకొక ఓటీపీ వస్తుంది. "సీటు ఖాయం చేయడానికి, చెప్పేయండి" అంటారు. చెప్పగానే మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ అప్పు మొదలవుతుంది. ఫీజు మొత్తం సంస్థకి వెళ్లిపోతుంది. మా బ్యాచ్‌లో కోనసీమ నుంచి ఒకామె ఉండేవారు. చంటిబిడ్డకి ఒంట్లో బాగోక రెండో నెలలోనే మానేశారు. పాఠాలు ఆగాయి గానీ ఈఎంఐ ఆగలేదు. నెలవారీ ఫీజు కడుతున్నానని ఆమె అనుకున్నారు. కాగితం మీద ఉన్నది అప్పు. కట్టకపోతే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు ఇంటి లోను దగ్గర అడ్డొస్తుంది.

డిజిటల్ అప్పుల మీద ఆర్‌బీఐ 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అప్పు ఇచ్చేవాళ్లు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. అన్ని ఛార్జీలూ కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతుందో అందులో ఉంటుంది. అప్పు వద్దనుకుంటే జరిమానా లేకుండా బయటికి రావడానికి కొంత గడువు కూడా ఉండాలి. ఆ కాగితం చేతికి వచ్చి, చదివేదాకా ఓటీపీ చెప్పకండి. "నో కాస్ట్ ఈఎంఐ" అంటే పొంగిపోకండి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకి రాసింది. ఆ వడ్డీ ఎక్కడో ఒకచోట కలిసే ఉంటుంది.

[తెర మీద: ల్యాప్‌టాప్ ముందు, సాయంత్రం.]

ఉద్యోగం మానేసి చేరాలా? నేను మానలేదు. మొదటి మూడు నెలలు ఉచిత పాఠాలతోనే, పొద్దున అయిదు నుంచి ఏడు దాకా కూర్చున్నాను. దాళ్వా, అంటే రబీ వరి కోతలు అయ్యాక కాలవలు కట్టేసే రోజుల్లో మొదలుపెట్టి, సార్వా, అంటే ఖరీఫ్ నాట్ల దాకా చేశాను. ఆ మూడు నెలల్లో నాకు తెలిసింది ఏంటంటే, తప్పు దొరక్క గంటలు గంటలు కూర్చోవడం నాకు ఇష్టమే అని. దొరికినప్పుడు వచ్చే ఆనందం కోసం మళ్లీ కూర్చోగలను. మీకు ఆ మూడు నెలలు నరకంగా అనిపిస్తే, లక్షలు పోయకుండానే ఆ సంగతి తెలిసినట్టు. ఇష్టంగా అనిపిస్తే అప్పుడు కట్టండి. నేను అలాగే కట్టాను, కట్టినందుకు ఈ రోజుకీ సంతోషంగా ఉంది.

డిగ్రీ సంగతి కూడా దాచను. కొన్ని పెద్ద కంపెనీలు బీటెక్ లేకపోతే దరఖాస్తే తీసుకోవు. నాకు ఇంటర్వ్యూ దొరికింది చిన్న సంస్థలో. మేత పుస్తకం పేజీ చూపిస్తే, ఎఫ్‌సీఆర్ అని రాసిన గడి దగ్గర ఆగి అదేంటని అడిగారు. వేసిన మేతని పట్టిన రొయ్యల బరువుతో భాగిస్తే వచ్చేది అని, అది పెరిగితే రైతుకి ఎందుకు నష్టమో చెప్పాను. సగం ఇంటర్వ్యూ చెరువు గురించే సాగింది. మీరు మిల్లులో చేసినా, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసినా, బడిలో చెప్పినా, మొదటి ప్రాజెక్టు ఆ పని మీదే చేయండి.

[తెర మీద: గిట్‌హబ్ పేజీ.]

ఆ మేత పుస్తకం కోడ్ లింకు కింద పెట్టాను. 2530 తప్పు సరిచేసే ఉంది. ఇంకొకటి కావాలనే వదిలాను. కౌంట్, అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య, 50 కంటే తక్కువైతే ఒక ధర, 50 దాటితే ఇంకో ధర చూపిస్తుంది. సరిగ్గా 50 కౌంట్ కొట్టి చూడండి, ధర గడి ఖాళీగా ఉంటుంది. ఎందుకో వెతికి, సరిచేసి పంపండి. ఆదివారం కూర్చుని ఒక్కొక్కటీ చదువుతాను.