అరవై దాటాక డిప్రెషన్: అయస్కాంతంతో వైద్యం

హోస్ట్: డాక్టర్ గారూ, పెద్దవాళ్లకి డిప్రెషన్ అంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. "వయసైపోయింది, అంతే" అంటారు.

డాక్టర్: దిగులుగా ఉందని వాళ్లూ చెప్పరండీ. ఒళ్లు నొప్పులంటారు, నిద్ర పట్టట్లేదంటారు, అన్నం సయించట్లేదంటారు. స్కానింగులన్నీ అయ్యాక మా దగ్గరికొస్తారు. అదీ ఎర్రగడ్డ పేరెత్తకూడదన్న షరతు మీద!

హోస్ట్: (నవ్వు) మరి ఈ టీఎంఎస్, అదే తల మీద అయస్కాంత పల్సులిచ్చి మెదడుని ప్రేరేపించే వైద్యం, ఎవరికి?

డాక్టర్: రెండు రకాల మందులు సరైన మోతాదులో వాడినా తేరుకోనివాళ్లకి. వాళ్లకి బీపీ, షుగర్ మాత్రలు ఎలాగూ ఉంటాయి. ఇంకో మాత్ర చేరిస్తే తూలిపడతారేమో, సోడియం తగ్గుతుందేమో అని భయం. ఇందులో ఆ గొడవ లేదు, మత్తూ ఇవ్వం.

హోస్ట్: తలకి కరెంటు పెడతారా అని అడుగుతుంటారేమో.

డాక్టర్: మొదటి ప్రశ్న అదే! అది ఈసీటీ, వేరే. ఇక్కడ మెలకువగానే కుర్చీలో కూర్చుంటారు. జడపిన్నులు, దుద్దులు, వినికిడి మిషన్ తీయించి చెవుల్లో ప్లగ్గులు పెడతాం. తలకి కాయిల్, అంటే అయస్కాంత పల్సులిచ్చే తీగచుట్ట, ఆనించి ఒక్కో పల్స్ ఇస్తూ వెతుకుతుంటే, ఓ చోట కుడి బొటనవేలు టక్కున కదులుతుంది. "నేను కదపలేదండీ" అని తెల్లబోతారు. ఎంత బలం ఇవ్వాలో ఆ వేలే చెప్తుంది. అక్కణ్నుంచి కాయిల్‌ని ఎడమ నుదుటి పైభాగానికి జరుపుతాం. ఇక వడ్రంగిపిట్ట కొట్టినట్టు టకటకా. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోయి, పుర్రెకీ దానికీ ఎడం పెరుగుతుంది. ఆ లెక్కా చూసుకోవాలి.

హోస్ట్: ఇదేమీ నిన్నమొన్నటిది కాదు కదా?

డాక్టర్: 1985లో షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం చేసి చూపింది. 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డిప్రెషన్‌కి అనుమతిచ్చింది.

హోస్ట్: నాకైతే అసలు చిక్కు వేరే. వారానికి ఐదు రోజులు, నాలుగు నుంచి ఆరు వారాలు! దిల్‌సుఖ్‌నగర్ నుంచి బంజారాహిల్స్‌కి రోజూ ఎవరు తీసుకొస్తారు?

డాక్టర్: చాలామంది అక్కడే ఆగిపోతారు. అందుకే నాకు 2022లో వచ్చిన కెనడా ట్రయల్ ముఖ్యం. అరవై, ఆపై వయసున్న 172 మంది. పాత పద్ధతిలో సిట్టింగ్‌కి 47 నిమిషాలు పైనే, పల్సుల్ని గుత్తులుగా త్వరత్వరగా ఇచ్చే థీటా బరస్ట్ పద్ధతిలో నాలుగే. ఫలితంలో ఇది దానికి తీసిపోలేదు.

హోస్ట్: దారిలో గంటన్నర, వైద్యం నాలుగు నిమిషాలా!

డాక్టర్: మలక్‌పేట ట్రాఫిక్‌కి నేనేం మందివ్వను? కానీ మిషన్ త్వరగా ఖాళీ అవుతుంది కదా, రోడ్లు పలచగా ఉన్న మధ్యాహ్నం రమ్మనొచ్చు.

హోస్ట్: ఎవరికి కుదరదు?

డాక్టర్: మెదడులో లోహపు క్లిప్పు, కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవిలోపల ఆపరేషన్‌తో అమర్చే పరికరం) ఉన్నవాళ్లకి. పేస్‌మేకర్ ఉన్నా, ఫిట్స్ వచ్చి ఉన్నా ముందే చెప్పాలి. మామూలుగా వచ్చేది తలనొప్పి. ఫిట్స్ రావడం చాలా అరుదు. అన్నంనీళ్లు మానేసి చచ్చిపోతానంటున్న మనిషికి మాత్రం వారాలు ఆగలేం. అక్కడ ఈసీటీయే మేలు. ఇంట్లో ఎవరైనా ఆ మాటంటే వెంటనే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడతారు.

హోస్ట్: రాత్రిపూట కూడానా?

డాక్టర్: ఇరవైనాలుగ్గంటలూ.