ట్రే అవతల నిలబడ్డ మనిషి

శ్రోతలందరికీ నమస్కారం.

మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. మూడేళ్ల కిందట దాని పురుడికని అమ్మను వెంటబెట్టుకుని బయల్దేరాను. అమ్మకు అప్పటికి 68 ఏళ్లు. విమానం ఎక్కడం అదే మొదలు. ఏ విమానాశ్రయమో చెప్పను, ఆ పేరుతో మనకు పని లేదు. సెక్యూరిటీ చెక్ దగ్గర మగవాళ్లది ఒక వరస, ఆడవాళ్లది ఒక వరస. నేనిటు, అమ్మ అటు. అమ్మ మెటల్ డిటెక్టర్‌లోంచి నడవగానే అది మోగింది. గాజులు చూశారు, మెడలో గొలుసు చూశారు. అయినా మోగుతూనే ఉంది. అమ్మకు రెండు మోకాళ్లూ మార్చారు, లోపల ఉన్నది లోహం. ఆ సంగతి చెప్పడానికి అమ్మకు హిందీ రాదు. అడుగుతున్న అమ్మాయికి తెలుగు రాదు. అమ్మ మోకాలు తట్టి చూపిస్తోంది. ఆ అమ్మాయి గొంతు పెరుగుతోంది. చివరికి తెర వెనక్కి తీసుకెళ్లారు. ఈలోగా అమ్మ చేతిసంచిలో ఉన్న ఆవకాయ సీసా తీసి పక్కన పెట్టేశారు.

తెర వెనక నుంచి వచ్చిన అమ్మ చీర సర్దుకుంటూ ఒకే మాట అంది. "దొంగను చూసినట్టు చూశారురా." ఆ తర్వాత డాలస్ దాకా పెద్దగా మాట్లాడలేదు.

నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం నాలో చాలాకాలం ఉంది. మా ఊరి అమ్మాయి ఒకతె కానిస్టేబుల్‌గా ఎంపికై అస్సాంలోని గువాహటి విమానాశ్రయంలో తనిఖీ పనిలో చేరింది. సెలవుకు వచ్చినప్పుడల్లా తన పని గురించి చెబుతుంది. ఆ అమ్మాయి మాటలు వింటూ, తెలియనివి చదువుకుంటూ ఉంటే, అమ్మకు జరిగినదాన్ని మరోవైపు నుంచి చూడటం మొదలైంది. ఈ రోజు ఆ సంగతులే మీతో చెప్పాలని వచ్చాను.

మన దేశంలో ముఖ్యమైన విమానాశ్రయాల్లో మనల్ని తనిఖీ చేసేది సీఐఎస్‌ఎఫ్, అంటే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం. పేరులో పరిశ్రమ ఎందుకుందంటే, 1969లో ఈ దళం పుట్టింది ప్రభుత్వ కర్మాగారాల కాపలాకి. విశాఖ ఉక్కు కర్మాగారానికి కాపలా ఉండేదీ వీళ్లే. విమానాశ్రయాలను మొదట్లో ఆయా రాష్ట్రాల పోలీసులే చూసుకునేవారు. 1999 డిసెంబర్ 24న కాఠ్‌మాండూ నుంచి ఢిల్లీ వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని హైజాక్ చేశారు. అమృత్‌సర్, లాహోర్, దుబాయ్ మీదుగా కాందహార్ తీసుకుపోయారు. ప్రయాణికుల్లో ఒక యువకుణ్ణి చంపేశారు. దుబాయ్‌లో కొందరిని వదిలేశారు. మిగిలినవాళ్లు 31వ తేదీన గానీ విడుదల కాలేదు. ఆ రోజుల్లో టీవీల ముందు కూర్చుని అల్లాడిపోయినవాళ్లు ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో చాలామందే ఉంటారు. ఆ తర్వాత కొద్ది వారాలకే, 2000 ఫిబ్రవరిలో, జైపూర్ విమానాశ్రయంతో మొదలుపెట్టి ఈ బాధ్యతను సీఐఎస్‌ఎఫ్‌కు అప్పగించారు. మనం ట్రేలో బ్యాగ్ పెట్టి, చేతులు చాపి నిలబడే ఆ చోటుకు అంత చరిత్ర ఉంది.

ఇక ఆ ఎక్స్‌రే తెర ముందు కూర్చునే మనిషి సంగతి. మన బ్యాగ్ ఆ తెర మీద రంగుల్లో కనిపిస్తుంది. ఇనుము, రాగి లాంటి లోహాలు నీలంగా. తిండి, సబ్బు, కాగితం, బట్ట లాంటివి నారింజ రంగులో. రెండూ కలగలిసినవి, తేలికపాటి లోహాలు ఆకుపచ్చగా. చిక్కంతా నారింజ రంగుతోనే. పేలుడు పదార్థాలు కూడా ఎక్కువగా ఆ రంగులోనే కనిపిస్తాయి. మన అరిసెల డబ్బా, గట్టిగా అదిమి కట్టిన నువ్వుండల పొట్లం, ఆవకాయ సీసా, అన్నీ తెర మీద దట్టమైన నారింజ ముద్దలే. లోపల అమ్మ చేతి వంట ఉందో మరొకటి ఉందో ఆ రంగు చెప్పదు. అందుకే బ్యాగ్ విప్పమంటారు. ఇది తెలిశాక, ఆ రోజు అమ్మ సంచి విప్పినందుకు నాకు వాళ్ల మీద కోపం పోయింది.

సీసా తీసెయ్యడానికీ కారణం ఉంది. 2006 ఆగస్టులో లండన్‌లో ఒక కుట్ర బయటపడింది. అట్లాంటిక్ దాటే విమానాల్లోకి కూల్‌డ్రింక్ సీసాల్లో ద్రవ పేలుడు పదార్థం తీసుకెళ్లాలని పథకం వేశారు. అప్పటినుంచి అంతర్జాతీయ ప్రయాణాల్లో చేతి సామానులో ఏ ద్రవమైనా 100 మిల్లీలీటర్ల సీసాకి మించకూడదన్నారు. ముద్దగా, నూనెతో ఉండే పచ్చడి కూడా ఆ లెక్కలోకే వస్తుంది. తప్పు నాదే. సీసాను చెక్‌ఇన్ పెట్టెలో సర్దాల్సింది నేను. అమ్మకు ఆ నియమం ఎలా తెలుస్తుంది?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ చూపు. రోజుకు వేల బ్యాగులు చూస్తారు. వాటిలో నిజంగా ప్రమాదకరమైనది ఎన్నాళ్లకో ఒకటి. ఎప్పుడూ కనిపించని దాని కోసం ఎప్పుడూ వెతుకుతూ ఉండటం మనిషి కంటికి చాలా కష్టం. 2005లో హార్వర్డ్‌కు చెందిన జెరెమీ వూల్ఫ్ బృందం దీని మీద ప్రయోగం చేసింది. వెతకాల్సిన వస్తువు సగం బొమ్మల్లో ఉన్నప్పుడు, వెతికేవాళ్లు ఉన్నదాన్ని చూడకుండా వదిలేసింది నూటికి 7 సార్లు. అదే వస్తువు నూరు బొమ్మల్లో ఒక్కదాంట్లోనే ఉన్నప్పుడు, నూటికి 30 సార్లు వదిలేశారు. కళ్లు అవే, మనుషులూ అవే. అరుదుగా కనిపించేసరికి మనసు "లేదులే" అని ముందుకు పోతుంది. అందుకే ఆ యంత్రాల్లో అప్పుడప్పుడు తుపాకీ బొమ్మో, బాంబు బొమ్మో నిజం బ్యాగ్‌లో ఉన్నట్టే కల్పించి చూపిస్తారు. చూసేవాళ్లు వెంటనే పట్టుకోవాలి. యూరప్ నిబంధనల్లో మామూలుగా ఏకబిగిన 20 నిమిషాలకు మించి ఆ తెర చూడకూడదని ఉంది. మన వెనక క్యూ పెరుగుతుంటే, విమానం టైమ్ అయిపోతోందని మనం టెన్షన్ పడుతుంటే, నవ్వు లేని మొహంతో ఆ తెరకేసి చూస్తున్న మనిషి చేస్తున్న పని అది.

మా ఊరి అమ్మాయి ఒకసారి నాతో ఇలా అంది. "అన్నా, పొద్దుటినుంచి ఎంతమంది నా ముందు చేతులు చాపి నిలబడతారో లెక్క ఉండదు. నా తల మీదుగా గోడకేసి చూస్తారు. చంకలో పసిపిల్ల ఉంటే, ఆ పిల్ల ఒక్కతే నా మొహంలోకి చూసి నవ్వుతుంది." మనకు సంక్రాంతి వచ్చే రోజుల్లోనే అక్కడ మాఘ్ బిహు పండుగ. విమానాలు నిండిపోతాయి, సెలవు దొరకదు. మూడు సంక్రాంతులు ఇంటికి రాలేకపోయింది. వాళ్లమ్మ ఆ మూడేళ్లూ అరిసెలు వండి, పార్శిల్ చేసింది.

వాళ్ల కష్టం తెలిసిందని, అమ్మ పడ్డ బాధ చిన్నదైపోదు. 2021 అక్టోబర్‌లో నాట్యకారిణి సుధా చంద్రన్ ఒక వీడియోలో తన బాధ చెప్పుకున్నారు. ప్రమాదంలో కాలు పోయినా కృత్రిమ కాలుతో నాట్యం చేసి తెలుగువారి గుండెల్లో చోటు సంపాదించుకున్న మనిషి ఆవిడ. విమానాశ్రయాల్లో ప్రతిసారీ ఆ కాలు తీసి చూపించమంటున్నారని, పెద్ద వయసువాళ్లకు ఒక కార్డు ఇప్పించమని ప్రధానమంత్రిని వేడుకున్నారు. సీఐఎస్‌ఎఫ్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. కృత్రిమ అవయవాలను తప్పనిసరి సందర్భాల్లో తప్ప తీయించకూడదన్నదే తమ పద్ధతి అని కూడా చెప్పింది. అంటే నియమంలో దయ ఉంది. అది తనిఖీ చేసే చోటి దాకా రాలేదు.

వినే గుణం ఆ వ్యవస్థకు ఉందనడానికి ఇంకొకటి చెప్తాను. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, త్వరగా అంటుకుంటుంది. అందుకని విమానంలో చేతి సామానుగా కొబ్బరికాయ తీసుకెళ్లడం మీద ఆంక్ష ఉంది. శబరిమల వెళ్లే అయ్యప్ప స్వాములకు ఇది పెద్ద చిక్కు. నెయ్యి నింపిన కొబ్బరికాయ లేకుండా ఇరుముడి ఎలా? దాన్ని తలమీద నుంచి దించి, చెక్‌ఇన్ సామానులో ఎలా పడేస్తారు? 2024 సీజన్‌లో పౌర విమానయాన భద్రతా బ్యూరో ఇరుముడిలోని కొబ్బరికాయను వెంట తీసుకెళ్లడానికి 2025 జనవరి 20 దాకా అనుమతి ఇచ్చింది. ఎక్స్‌రే, పేలుడు పదార్థాల పరీక్ష, చేత్తో తనిఖీ మామూలే. భద్రత తగ్గలేదు, భక్తుడి మనసూ నొచ్చుకోలేదు.

మోకాళ్ల ఆపరేషన్ అయిన పెద్దలు ఇప్పుడు మన ఊళ్లలో ఎంతమందో. పిల్లల దగ్గరికి, పురుళ్లకి, మనవల కోసం ఒంటరిగా ప్రయాణం చేసే అమ్మలు ఎంతమందో. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, విజయవాడలోనో ఆ వరసలో నిలబడే ఉద్యోగికి పది తెలుగు మాటలు నేర్పించడం ప్రభుత్వానికి భారం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. "అమ్మా, ఆపరేషన్ అయిందా? ఇలా కూర్చోండి." ఈ పాటి మాట చాలు. మా ఊరి అమ్మాయి గువాహటిలో చేరిన మొదటి నెలలోనే అస్సామీలో అమ్మమ్మను ఏమంటారో అడిగి తెలుసుకుంది. "ఐతా" అంటారట. ముసలావిడ ఎవరొచ్చినా "ఐతా" అని పిలిచి, చేయి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్తుందట. "ఆ ఒక్క పిలుపుతో భయం పోతుందన్నా, వాళ్లంతట వాళ్లే గాజులు తీసి ఇస్తారు" అంది.

ఈ మాట నేను అమ్మకు చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. "ఆ రోజు ఆ పిల్లది ఏ ఊరో" అని మాత్రం అంది.

వచ్చే నెల అమ్మ మళ్లీ డాలస్ వెళ్తోంది, ఈసారి ఒక్కతే. ఆవకాయ పెద్ద పెట్టెలో అడుగున, బట్టల మధ్య సర్దేశాం. మోకాళ్ల ఆపరేషన్ గురించి డాక్టర్ రాసిచ్చిన కాగితం పాస్‌పోర్ట్‌లో పెట్టాను. దాని వెనకాల అమ్మ తన చేత్తో తెలుగు అక్షరాల్లో రాసుకుంది: "బేటీ, ఘుట్నే కా ఆపరేషన్ హువా హై." అంటే, "బిడ్డా, మోకాళ్ల ఆపరేషన్ అయింది" అని. రోజూ సాయంత్రం దీపం పెట్టాక వాకిట్లో కూర్చుని దాన్ని నాలుగుసార్లు పైకి చదువుకుంటోంది. "బేటీ" అన్న మాట నేను చెప్పలేదు, అమ్మే చేర్చుకుంది.

నమస్కారం.