పాయింటర్ పంపాం కదా, మరి స్ట్రింగ్ ఎందుకు రాలేదు?

నమస్కారం. ముందు స్క్రీన్ మీదున్న సీ ప్రోగ్రామ్ చూడండి. మెయిన్‌లో నేమ్ అనే చార్ పాయింటర్ ఉంది, అంటే అక్షరాలున్న చోటు అడ్రస్‌ని దాచుకునే వేరియబుల్. దానికి మొదట నల్ ఇచ్చాం, అంటే ఏ చోటునీ చూపని సున్నా అడ్రస్. దాన్ని ఫిల్‌నేమ్ అనే ఫంక్షన్‌కి పంపుతున్నాం. అక్కడ పారామీటర్ పేరు పి, టైపు చార్ స్టార్. ఫంక్షన్ లోపల రెండే లైన్లు. మెమరీ ఇచ్చే మాలక్ ఫంక్షన్‌తో 20 బైట్లు తీసుకుని ఆ అడ్రస్‌ని పిలో పెడుతున్నాం, తర్వాత స్ట్రింగ్ కాపీతో అందులో ఒక పేరు రాస్తున్నాం. వెనక్కి వచ్చాక మెయిన్ ఆ నేమ్‌ని ప్రింట్ చేస్తుంది.

రన్ చేస్తున్నాను. పేరు రావాల్సిన చోట బ్రాకెట్లలో నల్ అని వచ్చింది. కంపైల్ చేసినప్పుడు వార్నింగ్ కూడా రాలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఇది లైనక్స్ కాబట్టి ప్రింట్‌ఎఫ్ నల్‌ని ఇలా రాసి చూపించింది. అదే ప్రింట్‌ఎఫ్‌లో పర్సెంట్ ఎస్, న్యూలైన్ మాత్రమే ఉంటే జీసీసీ కంపైలర్ దాన్ని పుట్స్ అనే ఇంకో ప్రింట్ ఫంక్షన్‌గా మార్చేయవచ్చు. అప్పుడు ఇదే తప్పుకి సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ప్రోగ్రామ్ కూలిపోతుంది. అందుకే అవుట్‌పుట్ చూసి కారణం ఊహించవద్దు. అడ్రస్‌లు చూద్దాం.

డీబగ్గర్‌కి కావాల్సిన సమాచారం చేర్చే మైనస్ జీ ఆప్షన్‌తో మళ్ళీ కంపైల్ చేస్తున్నాను. ఆప్టిమైజేషన్ ఏమీ పెట్టడం లేదు, లేకపోతే వేరియబుల్స్ కొన్ని డీబగ్గర్‌కి కనిపించవు. ఇప్పుడు జీడీబీ అనే డీబగ్గర్‌లో తెరిచి, ఫిల్‌నేమ్ దగ్గర బ్రేక్ పెట్టి, రన్ అంటున్నాను. ఆగింది. రెండుసార్లు నెక్స్ట్ కొడితే మాలక్, కాపీ రెండూ అయిపోతాయి. ప్రింట్ పి. ఐదులతో మొదలయ్యే పెద్ద అడ్రస్, పక్కనే మనం రాసిన పేరు. అంటే ఫంక్షన్ లోపల అంతా సవ్యంగానే ఉంది.

ఇప్పుడు ప్రింట్ యాంపర్‌సెండ్ పి. పిలో ఉన్న విలువ కాదు, పి అనే వేరియబుల్ తానే ఎక్కడ ఉందో అడుగుతున్నాం. ఈ నంబర్ గుర్తు పెట్టుకోండి. తర్వాత అప్ అని కొడుతున్నాను, పిలిచిన ఫంక్షన్ అయిన మెయిన్‌లోకి, దాని వేరియబుల్స్ కనిపించే చోటికి వచ్చాం. ప్రింట్ యాంపర్‌సెండ్ నేమ్. రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టి చూడండి, వేర్వేరు. ప్రింట్ నేమ్ అంటే ఇంకా సున్నాయే.

విషయం మొత్తం ఈ రెండు నంబర్లలోనే ఉంది. సీ భాషలో ఫంక్షన్‌కి ఏది పంపినా దాని కాపీయే వెళ్తుంది. పాయింటర్ అయినా అంతే. నేమ్‌లో ఉన్న సున్నా కాపీ అయి పిలోకి వెళ్ళింది. మనం పిని మార్చాం, నేమ్‌ని ఎవరూ ముట్టుకోలేదు. ఫంక్షన్ ముగియగానే పి పోయింది, దాంతో పాటు ఆ 20 బైట్ల ఆచూకీ కూడా పోయింది. నమ్మకం కుదరకపోతే మెమరీ తప్పులు పట్టే శానిటైజర్ కోసం మైనస్ ఎఫ్ శానిటైజ్ ఈక్వల్స్ అడ్రస్ పెట్టి కంపైల్ చేసి, జీడీబీ బయట రన్ చేయండి. 20 బైట్లు లీక్ అయ్యాయని, అంటే తీసుకుని తిరిగి ఇవ్వలేదని అదే చెబుతుంది.

పాయింటర్ పంపితే అసలుదే మారుతుంది అని చాలామంది నేర్చుకుంటారు. అది సగమే నిజం. పాయింటర్ చూపిస్తున్న చోట ఉన్న అక్షరాలు మారతాయి, పాయింటర్ మారదు.

సరిదిద్దుదాం. పారామీటర్‌ని చార్ స్టార్ స్టార్ చేస్తున్నాను, పిలిచేటప్పుడు యాంపర్‌సెండ్ నేమ్ పంపుతున్నాను. లోపల స్టార్ పి ఈక్వల్స్ మాలక్, స్ట్రింగ్ కాపీలోనూ స్టార్ పి. మాలక్ లైన్‌లో ఆ స్టార్ మర్చిపోతే కంపైలర్ అక్కడ నోరు మెదపదు, ఎందుకంటే మాలక్ ఇచ్చే వాయిడ్ స్టార్ ఏ పాయింటర్‌లోనైనా ఇమిడిపోతుంది.

ఇక్కడ ఇంకో గుంట ఉంది. అక్షరాలు ఒక్కొక్కటిగా రాయాలని స్టార్ పి, స్క్వేర్ బ్రాకెట్‌లో సున్నా అని రాశారనుకోండి, మొదటి అక్షరం సరిగ్గా పడుతుంది. స్టార్ పి, బ్రాకెట్‌లో ఒకటి అనగానే ప్రోగ్రామ్ కూలిపోవచ్చు. ఎందుకంటే స్టార్ కంటే బ్రాకెట్ ముందు పనిచేస్తుంది. నేమ్ పక్కన ఉన్న మెమరీని ఇంకో పాయింటర్ అనుకుని చదువుతుంది. సున్నా దగ్గర మాత్రం రెండు రాతలకీ అర్థం ఒకటే, అందుకే మొదటి అక్షరం మనల్ని మోసం చేస్తుంది. కాబట్టి స్టార్ పి చుట్టూ కుండలీకరణం పెట్టి, ఆ తర్వాతే ఇండెక్స్ రాయండి.

నన్ను అడిగితే, ఒక్క స్ట్రింగే కావాలంటే డబుల్ స్టార్ జోలికి వెళ్ళకుండా ఫంక్షన్ నుంచి పాయింటర్‌ని రిటర్న్ చేయడమే హాయి. అయితే ఫంక్షన్ లోపలి లోకల్ అర్రే అడ్రస్‌ని మాత్రం రిటర్న్ చేయకండి, ఫంక్షన్ ముగిశాక అది చెల్లదు. పిలిచినవాళ్ళే బఫర్ ఇచ్చే పద్ధతి అయితే సైజు కూడా విడిగా పంపాలి. ఫంక్షన్ లోపల సైజాఫ్ పి అని అడిగితే 64 బిట్ సిస్టమ్‌లో 8 అని వస్తుంది, అది పాయింటర్ సైజు, మీ అర్రే సైజు కాదు.

ఇక మార్చిన ప్రోగ్రామ్. అదే చోట బ్రేక్, రెండు నెక్స్ట్‌లు. ఈసారి ప్రింట్ పి, తర్వాత అప్, ప్రింట్ యాంపర్‌సెండ్ నేమ్. చూశారా, రెండూ ఒకే నంబర్. ప్రింట్ నేమ్ అంటే పేరు కనిపిస్తోంది. మెయిన్ చివర మెమరీని తిరిగి ఇచ్చే ఫ్రీ నేమ్ చేర్చి, శానిటైజర్‌తో ఇంకోసారి రన్ చేస్తున్నాను. పేరు వచ్చింది, లీక్ మెసేజ్ రాలేదు.