ఎకరానికి నాలుగు రాట్నాలు

సంధానకర్త: ఐరిష్ లినెన్ పేరు మన బట్టల దుకాణాల్లోనూ వినిపిస్తుంది. ఆ నూలు ఒకప్పుడు ఎవరు వడికేవారు? చరిత్ర అధ్యాపకురాలు, చేనేత పరిశోధకుడు మనతో ఉన్నారు. మేడమ్, మొదట మీరు.

అధ్యాపకురాలు: ఉన్నితో మొదలుపెట్టాలి. ఐర్లండ్ ఉన్ని బట్టలు ఇంగ్లండ్‌కు తప్ప మరెక్కడికీ వెళ్లకూడదని 1699లో ఇంగ్లండ్ పార్లమెంటు చట్టం చేసింది. ఇంగ్లండ్‌లోనేమో వాటిపై భారీ సుంకం! ప్రోత్సాహమంతా లినెన్‌కు మళ్లింది. ఆ పరిశ్రమను పెంచడానికి 1711లో లినెన్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది.

పరిశోధకుడు: లినెన్ అంటే అవిసె గింజల మొక్క నారతో నేసే బట్ట. మొక్కను కోయరు, పోగు పొడవు తగ్గకుండా వేళ్లతో సహా పీకుతారు. తర్వాత నీటి గుంటలో నానబెడతారు. గోగు నానేసిన చెరువు పక్కగా నడిచినవారికి ఆ కంపు చెప్పక్కర్లేదు! ఎండబెట్టి, చితక్కొట్టి, దువ్విన నారను కర్రకు చుట్టి, కాలితో రాట్నం తిప్పుతూ ఆడవాళ్లు పోగు తీసేవారు. వేళ్లు తడి ఆరకూడదు. నీళ్లు లేకపోతే ఉమ్మే గతి.

అధ్యాపకురాలు: నేసేది ఎక్కువగా మగవాళ్లు. ఒక మగ్గానికి నూలు అందించాలంటే చాలామంది ఆడవాళ్లు వడకాలి. చాలా ఇళ్లలో కౌలు కట్టేది ఆ నూలు డబ్బులతోనే. 1796లో బోర్డు వాళ్లు ఎకరం అవిసె వేస్తే నాలుగు రాట్నాలు, అయిదెకరాలు వేస్తే మగ్గం ఉచితంగా ఇచ్చారు. ఆ లబ్ధిదారుల జాబితాలో దాదాపు 60 వేల పేర్లున్నాయి.

సంధానకర్త: అన్నీ ఆడవాళ్ల పేర్లేనా?

అధ్యాపకురాలు: లేదండీ, అత్యధికం మగవాళ్లవే. పంట వేసినవాడికి బహుమతి, వడికేది భార్యా కూతుళ్లూ. అయినా 1922 అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భవనం తగలబడి పాత జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి కాబట్టి, పూర్వీకుల కోసం వెతికేవారు నేటికీ ఆ జాబితానే తిరగేస్తున్నారు.

పరిశోధకుడు: 1825లో జేమ్స్ కే అనే ఇంగ్లండ్ ఆవిష్కర్త నారను నీటిలో నానబెట్టి యంత్రంతో సన్నగా వడికే పద్ధతి కనిపెట్టాడు. 1828లో ఐర్లండ్ ఈశాన్యాన ఉన్న బెల్ఫాస్ట్‌లో మల్హాలండ్ కుటుంబం వారి పత్తి నూలు మిల్లు కాలిపోయింది. మళ్లీ కట్టినప్పుడు పత్తిని వదిలి అవిసెకు మారారు. లినెన్ బోర్డు రద్దయిందీ 1828లోనే. ఏదేమైనా, మిల్లులు వేలమంది స్త్రీలకు జీతాలిచ్చాయి కదా.

అధ్యాపకురాలు: బెల్ఫాస్ట్‌లో ఇచ్చాయి, అదీ ఉక్కపోసే గదుల్లో, తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబెట్టి. ఐర్లండ్ పడమటి కొసన మేయో జిల్లాలో రాట్నం మూలన పెట్టిన ఆమె బెల్ఫాస్ట్ ఎలా వెళుతుంది? ఆ ఆదాయం పోయిన ఇళ్ల మీదే 1845లో, వాళ్ల ముఖ్య ఆహారమైన బంగాళాదుంప పంటను నాశనం చేసిన తెగులు పడింది. యంత్రం నూలు చవకైందని మనం మెచ్చుకుంటాం. ఆ చవక ఎవరి కౌలు డబ్బులోంచి వచ్చిందో కూడా లెక్క వేయాలి.

పరిశోధకుడు: లెక్క వేద్దాం. అందులో బోర్డు వాటానూ కలపండి. ఒక్క నూలు మీదే బతకమని ఊళ్లకు ఊళ్లను అలవాటు చేసింది అదే.