పన్నెండు కొట్టేదాకా

సభకు నమస్కారం. ఇక్కడ ఎక్కువమంది ఉపాధ్యాయులు, మిగిలినవారు తల్లిదండ్రులు. మీకు నేను కొత్తగా చెప్పగల సిద్ధాంతమేదీ లేదు. ఒక్క రోజు సంగతి చెబుతాను. 2009 జనవరి 20, బరాక్ ఒబామా అమెరికా 44వ అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు. నేను అప్పట్లో అక్కడ ఒక హైస్కూలులో సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని. ఆ రోజు 31 మంది పిల్లలను వెంటబెట్టుకుని వాషింగ్టన్ వెళ్లాను. అందరూ పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల లోపువాళ్లే.

బయలుదేరే ముందు ఒక తండ్రి నన్ను అడిగారు: “టీవీలో ఇంతకంటే బాగా కనిపిస్తుంది కదా, పిల్లలను ఆ చలిలో నిలబెట్టడం ఎందుకు?” న్యాయమైన ప్రశ్నే. ఆ క్షణాన నా దగ్గర సరైన జవాబు లేదు. “వాళ్లు అక్కడ ఉండాలి” అన్నాను, అంతే.

రాత్రి రెండింటికి బస్సు ఎక్కాం. తెల్లవారేసరికి జనంలో ఉన్నాం. దాదాపు 18 లక్షల మంది వచ్చారని తరువాత అధికారులు అంచనా కట్టారు. పార్లమెంటు భవనం క్యాపిటల్ నుంచి లింకన్ స్మారకం దాకా దాదాపు మూడు కిలోమీటర్ల మైదానం ఉంది, నేషనల్ మాల్ అంటారు. ప్రమాణ స్వీకారం కోసం ఆ మైదానమంతా ప్రజలకు తెరవడం అదే మొదటిసారి. మా దగ్గర టికెట్లు లేవు. వాషింగ్టన్ స్తంభం దగ్గర చోటు దొరికింది. అక్కడి నుంచి చూస్తే వేదిక మీద మనిషి ఆవగింజంత కూడా కనిపించడు. పెద్ద తెర మీద చూడవలసిందే. మా అందరిలోకీ పొడవైన కుర్రవాడు “ఇంత దూరం వచ్చి మళ్లీ టీవీయేనా?” అని విసుక్కున్నాడు. మధ్యాహ్నానికి కూడా చలి సున్నాకు రెండు డిగ్రీలు కిందనే ఉంది. వాడిని తప్పుపట్టలేను.

మా ముందు ఒక నల్లజాతి పెద్దాయన నిలబడ్డారు, డెబ్బై దాటి ఉంటాయి. కోటు లోపలి నుంచి ఒక ఫోటో తీసి తెర వైపు ఎత్తి పట్టుకోబోయారు. ముందున్న వాళ్ల తలలు అడ్డు. చేయి నిలవక వణుకుతోంది. కాసేపటికి వెనక్కి తిరిగి, విసుక్కున్న ఆ కుర్రవాడినే అడిగారు: “బాబూ, నువ్వు పొడుగ్గా ఉన్నావు. మా అమ్మను కాస్త పట్టుకుంటావా?”

ప్లాస్టిక్ కవరులో నలుపు తెలుపు ఫోటో. అంచులు పసుపెక్కాయి. దక్షిణాది రాష్ట్రం మిసిసిపీలో ఆమెను ఓటరుగా నమోదు కానివ్వలేదట. నల్లజాతివారి ఓటుకు రక్షణ ఇచ్చిన ఓటు హక్కు చట్టం 1965లో రాకముందే ఆమె పోయారు. నేను తరగతిలో ఆ చట్టం గురించి రెండు రోజులు పాఠం చెప్పాను. ఆ పాఠం పిల్లలకు ఎంత ఎక్కిందో నాకు తెలియదు. ఆ కుర్రవాడు మాత్రం చేతి తొడుగులు తీసేసి, వేళ్ల కొసలతో ఆ కవరు పట్టుకుని పైకెత్తాడు. మధ్యలో చేయి మార్చుకున్నాడు గాని దించలేదు. అరవై ఏళ్లు కూడా నిండని వెనకటి రోజుల్లో తన తండ్రికి ఈ ఊరి హోటల్లో భోజనం వడ్డించి ఉండేవారు కాదేమో అని ఒబామా తన ప్రసంగంలో అన్నప్పుడు ఆ పెద్దాయన తెర వైపు చూడలేదు, ఫోటో వైపు చూశారు.

ఇప్పుడు నాకు ఇబ్బందిగా ఉన్న సంగతి కూడా చెప్పాలి. దిగిపోతున్న అధ్యక్షుడు జార్జ్ బుష్ తెర మీద కనిపించగానే జనంలో చాలామంది గేలి చేశారు. మా పిల్లల్లో అయిదారుగురు గొంతు కలిపారు. మా బృందంలో ఒబామా మీద పోటీ చేసి ఓడిన జాన్ మెకెయిన్‌కు ఓటు వేసిన ఇళ్ల పిల్లలూ ఉన్నారు. వాళ్లను నేనే పట్టుబట్టి తీసుకొచ్చాను. అందులో ఒక అమ్మాయి ముఖం ఎర్రబడింది. తలవంచుకోలేదు. “ఆయన దిగిపోవడానికే కదా వచ్చి కూర్చున్నాడు” అంది, పక్కవాళ్లకు వినబడేలా.

ఆ ముక్క నేను చెప్పవలసింది. తరువాత ఒబామా తన ప్రసంగం మొదట్లోనే బుష్ చేసిన సేవకు కృతజ్ఞతలు చెప్పారు. గేలి చేసిన పిల్లలు అది విని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మనకు నచ్చిన నాయకుడి సభకు పిల్లలను తీసుకెళ్లడం వేరు, అధికారం చేతులు మారే చోటికి తీసుకెళ్లడం వేరు. రెండోదానికి తీసుకెళ్తున్నామని ముందే వాళ్లకు చెప్పకపోవడం నా పొరపాటు. 1801లో, ఎన్నికల్లో ఓడిపోయిన అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, గెలిచిన థామస్ జెఫర్సన్ ప్రమాణం చూడకుండానే తెల్లవారుజామునే ఊరు విడిచి వెళ్లిపోయారు. అయినా పదవి మాత్రం అప్పగించే వెళ్లారు. ఈ ముచ్చట తిరుగు ప్రయాణంలో, బస్సులో చెప్పాను. ఉదయమే చెప్పి ఉండాల్సింది.

ఇక పన్నెండు గంటల సంగతి. ఇట్జాక్ పర్ల్‌మన్ వయొలిన్, యో-యో మా చెల్లో వాయిస్తున్నారు. ఆ అమ్మాయే నా చేయి పట్టి లాగి తన గడియారం చూపించింది. సరిగ్గా పన్నెండు. ప్రమాణం ఇంకా కాలేదు. “టీచర్, ఇప్పుడు అధ్యక్షుడు ఎవరు?”

రాజ్యాంగం ఇరవయ్యో సవరణ ప్రకారం పాత అధ్యక్షుడి పదవీకాలం జనవరి 20 మధ్యాహ్నం పన్నెండింటితో ముగుస్తుంది, కొత్తవారిది అప్పుడే మొదలవుతుంది. కానీ అధికారం చేపట్టే ముందు ప్రమాణం చేసి తీరాలి. “అయితే ఈ పాట వింటూ ఆయన అధ్యక్షుడైపోయాడు, కానీ ఇంకా సంతకం పెట్టలేడు” అని ఆమె తనకు తానే తేల్చుకుంది. ఇరవై ఏళ్లు ఆ పాఠం చెప్పాను, అంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేదు.

పన్నెండు దాటిన నాలుగైదు నిమిషాలకు ప్రమాణం మొదలైంది. లింకన్ 1861లో చేయి పెట్టిన బైబిల్ మీదనే ఒబామా చేయి పెట్టారు. ఆ ప్రమాణం 35 మాటలే. చెప్పించవలసిన ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ అందులో ‘నిష్ఠగా’ అనే అర్థమిచ్చే మాటను చోటు మార్చి పలికారు. ఒబామా ఒక్క క్షణం ఆగారు. ఇద్దరూ తడబడ్డారు. 31 మంది పిల్లలూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు: “తప్పు చదివారు! ఇది చెల్లుతుందా?” మరునాటి సాయంత్రం వైట్‌హౌస్‌లో, కొద్దిమంది ఎదుట, ముందుజాగ్రత్తగా ఆ ప్రమాణం మళ్లీ చేయించారు. ఆ వార్త పట్టుకుని మా పిల్లలు వారమంతా వాదించుకున్నారు. ఒక మాట స్థానం తప్పితే దేశాధ్యక్షుడంతటి వాడు మళ్లీ చేయి ఎత్తవలసి వచ్చిందని వాళ్లకు ఎంత సంతోషమో!

టీవీ సంగతి అడిగిన ఆ తండ్రికి నేను జవాబు చెప్పనేలేదు. కొడుకు ఫోటో సంగతి ఇంట్లో చెప్పాడట. ఆయన మళ్లీ అడగలేదు.

పన్నెండేళ్లు గడిచాయి. 2021 జనవరి 6న, ఎన్నికల్లో ఓడిన అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ మద్దతుదారుల గుంపు ఒకటి అదే క్యాపిటల్ మీద పడి, ఒబామా ప్రమాణం చేసిన ఆ పడమటి వైపు మెట్లు ఎక్కి, అద్దాలు పగలగొట్టి లోపలికి చొరబడింది. ఆ రాత్రి ఆ అమ్మాయి నాకు ఫోను చేసింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు. ఎక్కువ మాట్లాడలేకపోయింది. “ఇరవయ్యో తేదీన నాతో ఫోనులో ఉంటారా?” అని మాత్రం అడిగింది.

ఉన్నాను. ఆమె తన ఇంట్లో, నేను మా ఇంట్లో, టీవీల ముందు కూర్చున్నాం. దిగిపోయే అధ్యక్షుడు ట్రంప్ ఆ ఉదయమే ఊరు విడిచి వెళ్లిపోయారు. ఈసారి మైదానంలో జనం లేరు, జెండాలు పాతారు. జో బైడెన్ ప్రమాణం పన్నెండు కాకముందే, 11:48 ప్రాంతంలో అయిపోయింది. నేను “అమ్మయ్య” అన్నాను.

“ఆగండి టీచర్, ఇంకా పన్నెండు కాలేదు” అంది.

ఇద్దరం ఫోను పెట్టకుండా, ఏమీ మాట్లాడకుండా, గడియారం చూస్తూ కూర్చున్నాం.