ఇల్లు వాళ్ళది, నేల కాదు

హోస్ట్: నమస్కారం. దక్షిణ కాలిఫోర్నియాలో ఏళ్ళుగా ఉంటున్న అక్క ఈవేళ మనతో ఉన్నారు. అక్కా, పోయినసారి మైకు ఆపేశాక ఓయాసిస్ అనే ఊరి సంగతి ఎత్తారు. అక్కణ్ణుంచే మొదలుపెడదామా?

అక్క: ఊరనడానికి లేదు తమ్ముడూ. కోచెల్లా లోయలో, సాల్టన్ సీ అనే ఉప్పు సరస్సు పక్కన, పొలాల మధ్య మొబైల్ హోముల గుంపులు. ఫ్యాక్టరీలో కట్టి, చక్రాల మీద తెచ్చి దించే ఇళ్ళవి, ట్రైలర్లనీ అంటారు. ఉండేది ఎక్కువగా పొలం కూలీలు. జనగణనలో పేరుంది కానీ మేయరు లేడు, కౌన్సిల్ లేదు. అన్‌ఇన్‌కార్పొరేటెడ్ అంటారు.

హోస్ట్: మన శివారు పల్లెలాగా?

అక్క: శివారు పల్లెకి ఎంత లేదన్నా పంచాయతీ ఉంటుంది, వార్డు మెంబరునైనా నిలదీస్తాం. వీళ్ళు ఏం కావాలన్నా రివర్‌సైడ్ కౌంటీనే అడగాలి, కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. ఆ కౌంటీలో 24 లక్షల మంది. అందులో వీళ్ళ మాట ఎవరికి వినపడుతుంది?

హోస్ట్: వీళ్ళెంతమంది?

అక్క: 2010 లెక్కలో 6,890. 2020లో 4,468. అంతమందీ వెళ్ళిపోయారంటే నేను నమ్మను. ఒక్కో ట్రైలర్లో రెండేసి కుటుంబాలుంటాయి. ద్రాక్ష కోతల వెంట ఉత్తరానికి పోయేవాళ్ళుంటారు. వలస కాగితాల్లేనివాళ్ళు సర్కారు మనిషి తలుపు కొడితే తీస్తారా? లెక్కలో తగ్గితే నిధుల్లోనూ తగ్గుతుంది, బాధ అదీ.

హోస్ట్: అయినా మొబైల్ హోమ్ కదా, బాగోకపోతే ఇల్లు తీసుకుని వెళ్ళిపోవచ్చుగా?

అక్క: అందరూ అలాగే అనుకుంటారు. చక్రాల మీద వస్తుంది, ఒకసారి దించాక ఇక దాదాపు కదలదు. పాతదాన్ని లేపబోతే విరిగిపోతుంది. 1976 జూన్‌లో ఈ ఇళ్ళకి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, ప్రమాణాలు వచ్చాయి, అంతకు ముందు కట్టినవాటిని చాలా పార్కులు, అంటే ఈ ఇళ్ళు దించుకోవడానికి స్థలాలు అద్దెకిచ్చే చోట్లు, రానివ్వవు. ఇల్లు వీళ్ళ సొంతం, కింద నేల వేరేవాళ్ళది. నెలనెలా స్థలానికి అద్దె కట్టాలి. అద్దె పెరిగినా నీళ్ళు పాడైనా ఇంటిని నెత్తిన పెట్టుకుని పోలేరు కదా.

హోస్ట్: ఆ నీళ్ళ సంగతి చెప్పండి.

అక్క: థర్మల్ అనే ఊరి దగ్గర ఓయాసిస్ మొబైల్ హోమ్ పార్క్ అని ఉంది, వెయ్యిమందికి పైనే ఉండేవాళ్ళు. 2019లో ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ అక్కడి బోరు నీళ్ళు పరీక్షించింది. ఆర్సెనిక్ అనే విషం లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు, అక్కడ 97 దాకా ఉంది. రంగు మారదు, వాసన రాదు. మరిగించి తాగితే సరిపోతుందనుకుంటాం. నీరు ఆవిరై విషం ఇంకా చిక్కబడుతుంది!

హోస్ట్: ఫ్యాక్టరీ ఏదైనా వదిలిందా?

అక్క: లేదు, ఆ నేలలోనే ఉంది, మన నల్లగొండ ఫ్లోరైడ్ లాగే. సరిగ్గా శుద్ధి చేయకుండా ఇళ్ళకి వదలడం మాత్రం మనుషుల పని. పైగా ఆ పార్కు టోరెస్ మార్టినెజ్ కవియా అనే ఆదివాసీ తెగకి కేటాయించిన నేలలో ఉంది, దాన్ని రిజర్వేషన్ అంటారు. కౌంటీ ఇళ్ళ నిబంధనలు అక్కడ చెల్లవు, ఫెడరల్ వాళ్ళే దిగాలి.

హోస్ట్: అక్కడివాళ్ళు మెక్సికన్లేనా?

అక్క: చాలామంది మెక్సికోలోని మిచోవకాన్ రాష్ట్రం నుంచి వచ్చిన పురేపెచా జనం. వాళ్ళ భాషకి స్పానిష్‌తో చుట్టరికమే లేదు. నీళ్ళు తాగొద్దని ఇంగ్లీషులో, స్పానిష్‌లో కాగితం అంటిస్తే వాళ్ళింట్లో ముసలమ్మకి ఏం తెలుస్తుంది? ఇక్కడికొచ్చిన కొత్తలో మా అమ్మ హాస్పిటల్ కాగితం పట్టుకుని నా మొహంలోకి చూసేది. ఆ చూపు నేను మర్చిపోలేను.

హోస్ట్: మంచి ఏమైనా జరిగిందా?

అక్క: 2021లో కుటుంబాల్ని తరలించడానికి రాష్ట్రం 3 కోట్ల డాలర్లు కేటాయించింది. ఇంతకంటే ముందుది డ్యూరోవిల్ కథ, అదీ ఇక్కడి మొబైల్ హోమ్ పార్కే. ఆ పార్కుని మూసేయాలని కేసు నడిస్తే, 2009లో ఫెడరల్ జడ్జి ఒప్పుకోలేదు. వేరే చోటు చూపకుండా ఖాళీ చేయిస్తే వీళ్ళెక్కడికి పోతారన్నదే అసలు ప్రశ్న. చివరికి 2013లో మూశారు, అప్పటికి మౌంటెన్ వ్యూ ఎస్టేట్స్‌లో 181 ఇళ్ళు సిద్ధం చేశారు. చోటు ముందు చూపాలి, అదీ పొలాలకి దగ్గర్లో. ఎండాకాలం 49 డిగ్రీలు కాస్తుంది, పని తెల్లారకముందే మొదలవుతుంది. ముప్ఫై మైళ్ళ అవతల మంచి ఫ్లాట్ ఇస్తామంటే, ఖర్జూరం కోతకి చెట్టెక్కేవాడు ఇంకా ముందే లేవాలి.