ముందు టీచరమ్మ ఇల్లు ఆరాలి

(వరద సహాయక పనుల్లో పాల్గొనే ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థుల కోసం విజయవాడలో జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీలు నడిపే ప్రభుత్వ పథకంలో, సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. రిటైరయ్యానని ఆఫీసు వాళ్ళు ఒప్పుకున్నారు గానీ మా అంగన్‌వాడీ టీచర్లు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఫోన్లు చేస్తూనే ఉంటారు. అందుకే 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ మీద పడ్డప్పుడు ఇంట్లో కూర్చోలేకపోయాను. ఆ తర్వాతి నెలల్లో సింగ్‌నగర్ వైపు కేంద్రాల్లో చూసిందే ఇవాళ మీకు చెబుతాను. మీలో చాలామంది అప్పుడు ఇంటర్ చదువుతూ ఉండి ఉంటారు. కొందరి ఇళ్ళే మునిగి ఉంటాయి, వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

అసలు మాట ముందే చెప్పేస్తాను, తర్వాత నిద్రొచ్చిన వాళ్ళు హాయిగా పడుకోవచ్చు. వరద తర్వాత చిన్నపిల్లలకి సాయం చేద్దామని వెళ్ళేవాళ్ళు నేరుగా పిల్లల దగ్గరికి వెళ్ళొద్దు. అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గరికి, ఆవిడకి సాయంగా ఉండే ఆయమ్మ దగ్గరికి వెళ్ళండి. వాళ్ళిద్దరూ కుదుటపడితే పిల్లల సంగతి వాళ్ళు చూసుకుంటారు. మీకంటే, నాకంటే బాగా చూసుకుంటారు.

ఇది వినడానికి కొంచెం చప్పగా ఉంటుందని తెలుసు. మీరు పిల్లలతో ఆడుకుందామని, పాటలు నేర్పిద్దామని, బొమ్మలిద్దామని వచ్చి ఉంటారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ వారం అక్కడ ఏం జరిగిందో వింటే నేనెందుకు ఇలా అంటున్నానో తెలుస్తుంది.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. దాని పాత దారి విజయవాడ మీదుగా కొల్లేరుకి. ఊరు మునగకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, డైవర్షన్ కాలువ తవ్వి నీళ్ళని కృష్ణలోకి మళ్ళించారు. ఆ రోజుల్లో కృష్ణే నిండి ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ చరిత్రలో అంత నీరు ఎప్పుడూ రాలేదు. నది తీసుకోకపోతే కాలువ ఏం చేస్తుంది? కట్టకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, వాంబే కాలనీ, పాయకాపురం, కండ్రిక, న్యూ రాజరాజేశ్వరి పేట, అన్నీ నీళ్ళలో. సెప్టెంబరు 1 ఆదివారం కావడంతో అంగన్‌వాడీలకి సెలవు. అది ఏ సోమవారమో అయ్యుంటే అన్న ఆలోచన నాకు ఇప్పటికీ మంచిది కాదు, దాన్ని అక్కడే వదిలేస్తాను. ఆర్మీ వాళ్ళు వచ్చి గండ్లు పూడ్చేసరికి వినాయక చవితి వచ్చింది. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు కూడా ఇళ్ళమీదికొచ్చింది. అక్కడి టీచర్లతో మాట్లాడినా ఇవే కథలు.

నీళ్ళు తీశాక వాంబే కాలనీ వైపు ఒక కేంద్రానికి వెళ్ళాను. అద్దె గది, గ్రౌండ్ ఫ్లోర్. ఊళ్ళల్లో సొంత భవనాలు కొన్నైనా ఉంటాయి, సిటీలో మన అంగన్‌వాడీలు చాలావరకు ఇలా అద్దె గదులే. ఆ డబ్బుకి దొరికేది సందు చివర, పల్లంలో. గోడ మీద అమ్మ, ఆవు, ఇల్లు బొమ్మలు వేసి ఉన్నాయి. నీటి గీత వాటన్నిటికీ పైన ఉంది. నాలుగేళ్ళ పిల్లవాడు చెయ్యెత్తి నిలబడినా ఆ గీత అందదు. కింద బురద. ఉత్త బురద కాదు, డ్రైనేజీ కలిసిన బురద. బియ్యం బస్తా ఉబ్బి కుట్లు తెగి ఉంది. కందిపప్పు మొలకలొచ్చి కుళ్ళింది. పసిపిల్లలకిచ్చే పోషకాహార పొడి, బాలామృతం ప్యాకెట్లు నీళ్ళలో నాని గట్టిపడ్డాయి. బరువు చూసే త్రాసు ముల్లు తుప్పు పట్టి ఒకే అంకె దగ్గర ఆగిపోయింది. ఆయమ్మ పెరట్లో దండెం కట్టి రిజిస్టర్ల కాగితాలు విడదీసి బట్టల క్లిప్పులతో ఆరేస్తోంది. ఏ గర్భిణికి ఎన్నో నెల, ఏ పిల్లకి ఏ టీకా పడింది, అన్నీ అందులోనే. యాప్‌లో ఉంటాయి కదా అంటారు మీరు. ఉంటాయి. ఆ యాప్ ఉన్న ఫోను కూడా నీళ్ళలో పడింది.

అప్పుడు నేను ఆయమ్మని అడిగాను, "మీ ఇల్లెలా ఉందమ్మా?" అని. "ఇంకా తాళం తియ్యలేదండి" అంది. ఆ ఇల్లు పక్క సందులోనే. మూడిళ్ళ అవతల టీచరమ్మది. ఆవిడ పొద్దున్నే ఫుడ్ ప్యాకెట్ల డ్యూటీ, తర్వాత నష్టం లెక్కల సర్వే, సాయంత్రం ఎవరెవరికి జ్వరాలో రాసుకోవడం. ఆవిడ మంచం, బీరువా, కుట్టు మిషను బురదలోనే ఉన్నాయి. ఆవిడ నెల గౌరవ వేతనం 11,500. ఆయమ్మది 7,000. దాన్ని పెంచమని 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేసినవాళ్ళే వీళ్ళు. వరద రాగానే అందరికంటే ముందు రోడ్డు మీద ఉన్నదీ వీళ్ళే.

మాతో వచ్చిన కాలేజీ పిల్లలు ఏం చేయమంటారని టీచరమ్మని అడిగారు. ఆవిడ కేంద్రం పనులన్నీ వరసగా చెప్పింది. గోడలు కడగాలి, సామాను తీయాలి, గ్యాస్ పొయ్యి చూడాలి. "మీకేం కావాలి టీచరమ్మగారూ?" అని ఒక అమ్మాయి మళ్ళీ అడిగింది. కాసేపు మొహమాటపడి, "మా ఇల్లు ఎవరైనా కాస్త కడిగిపెడితే రేపట్నుంచి నేను కేంద్రం తెరుస్తాను" అంది. నలుగురు వెళ్ళారు. సాయంత్రానికి రెండు గదులూ కడిగారు. మర్నాడు కేంద్రం తెరిచారు. గదిలో కాదు, పై అంతస్తు వాళ్ళ వరండాలో. చాప, నీళ్ళ క్యాను, పిల్లలు పదిమంది లోపే. అదే టీచరమ్మ, అదే పాట, అదే సమయానికి అన్నం, గుడ్డు. వాళ్ళమ్మలు ఎన్నాళ్ళ తర్వాతో రెండు గంటలు చేతులు ఖాళీగా బయటికి వెళ్ళారు.

ఆ రెండు గంటల గురించి ఇంకాస్త చెప్పాలి. ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకి 25 వేలు, పై అంతస్తుల వాళ్ళకి 10 వేలు ప్రకటించింది. ఆ డబ్బు రావాలంటే పేరు నమోదవ్వాలి, ఆధార్ ఉండాలి, బ్యాంకు ఖాతా లింకై ఉండాలి. ఆధార్ కార్డే కొట్టుకుపోయిన ఇళ్ళు ఎన్నో. వార్డు సచివాలయం దగ్గర లైన్‌లో చంటిపిల్లతో నిలబడ్డ తల్లి మూడు గంటలు చూసి విసిగి ఇంటికెళ్ళిపోతుంది, పేరు జాబితాలో ఉండదు. కాబట్టి మీలో ఇద్దరు అంగన్‌వాడీ గుమ్మంలో కుర్చీ వేసుకుని ఫారాలు నింపితే, ఫోన్‌లో స్టేటస్ చూసి చెబితే, అది ఆ పిల్లకి చేసిన సాయమే. పిల్లకి మీ పేరు కూడా తెలియదు. పర్వాలేదు.

ఇక పిల్లల మనసు. దీని గురించి టెన్షన్ పడి చాలామంది ఎక్కువ చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు 2011లో విపత్తుల్లో మానసిక ప్రథమ చికిత్స మీద ఒక గైడ్ తెచ్చారు. చూడండి, వినండి, సాయం దొరికే చోటికి కలపండి, దాని సారం అంతే. తవ్వమని ఎక్కడా లేదు. "నీళ్ళొచ్చినప్పుడు భయమేసిందా నాన్నా?" అని నాలుగేళ్ళ వాణ్ణి అడగొద్దు. వాడు చెప్పాలనుకుంటే ఆటలో చెబుతాడు.

నేను చూసిన ఆట ఒకటి. వరండాలో ఒక పిల్ల కుర్చీ ఎక్కి ఆకులు కిందకి విసురుతోంది. కింద ఉన్నవాళ్ళు చేతులు చాచి "ఇటెయ్యి, ఇటెయ్యి, మా ఇంట్లో అయిదుగురున్నాం" అని అరుస్తున్నారు. వరదలో పైనుంచి ఫుడ్ ప్యాకెట్లు వేసిన హెలికాప్టర్ ఆటట. ఒకడు నోటితో డ్రోన్ మోత మోగిస్తున్నాడు. మా వాలంటీర్ అబ్బాయి కంగారుపడి, ఆ ఆట మాన్పించి రైమ్స్ మొదలుపెట్టబోయాడు. టీచరమ్మ చేయి పట్టుకుని ఆపింది. "ఆడనివ్వు బాబూ, ఇంకో వారం ఆడి వాళ్ళే వదిలేస్తారు" అంది. ఆవిడ చదివింది పదో తరగతి. ఏ సైకాలజీ పుస్తకం తెరిచినా ఆ మాటే ఉంటుంది.

పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం, వాన చినుకు పడితే ఏడవడం, ఇవి కొన్ని వారాలు ఉంటాయి, మెల్లగా తగ్గుతాయి. నెల దాటినా పిల్ల మాట్లాడకపోయినా, తిండి మానేసినా టీచరమ్మకి చెప్పండి. ఆవిడ ఏఎన్‌ఎం నర్సమ్మకి, డాక్టరుకి చెబుతుంది. తల్లిదండ్రుల్లో ఎవరైనా మరీ కుంగిపోయి ఉంటే 14416 అని టెలీ మానస్ నంబరుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిల్లలకంటే ఆటో మునిగిపోయిన నాన్నలకి అది ఎక్కువ అవసరం పడుతుందని నా అనుభవం.

సామాను సంగతి. పాత బట్టల మూటలు తేకండి. మునిగిన ఇంటికి ఇంకో మురికి మూట ఎందుకు? మెత్తటి బొమ్మలు తడి గోడల మధ్య నాలుగు రోజుల్లో బూజు పడతాయి. మూత ఉన్న నీళ్ళ డ్రమ్ము, స్టీలు పళ్ళేలు, చాపలు, చిన్న చెప్పులు, దోమతెరలు తెండి. అదీ టీచరమ్మని అడిగాకే.

పాలపొడి డబ్బాలు, పాల సీసాలు మాత్రం దయచేసి వద్దు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా మాట్లాడతాను. వరదలో మంచినీళ్ళుండవు, సీసా మరగబెట్టే పొయ్యి ఉండదు. చనుబాలు తాగే బిడ్డకి డబ్బా పాలు అలవాటు చేస్తే విరేచనాలు పట్టుకుంటాయి, ఈలోగా తల్లికి పాలు తగ్గుతాయి. 2006లో ఇండొనేసియాలోని యోగ్యకర్తలో భూకంపం వచ్చినప్పుడు దాతలు పంచిన పాలపొడి అందిన పసివాళ్ళలో విరేచనాలు, అందనివాళ్ళతో పోలిస్తే రెట్టింపుకు పైగా కనిపించాయి. మన దేశంలో శిశు పాల ప్రత్యామ్నాయాల మీద 1992 నుంచి చట్టం ఉంది, ఇలా ఊరికే పంచడం దాని ప్రకారం కుదరదు. తల్లికి కడుపునిండా అన్నం, కూర్చుని పాలివ్వడానికి ఒక చాటు కల్పించండి. నిజంగా పోతపాలే గతి అయిన బిడ్డ ఉంటే డాక్టరు చూసుకుంటారు.

శుభ్రం చేయడంలో రెండు మూడు జాగ్రత్తలు. మెయిన్ ఆఫ్ చేశారో లేదో చూడకుండా తడి గోడలు ముట్టుకోవద్దు. బ్లీచింగ్ పౌడర్‌నీ, బాత్రూం యాసిడ్‌నీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఉత్సాహం కొద్దీ రెండూ ఒకే బకెట్లో పోసేవాళ్ళని చూశాను. మూడోది ఎవరూ చెప్పరు. పాడైపోయిన బియ్యం, పప్పు, నూనె ప్యాకెట్లు టీచరమ్మ లేకుండా పారేయొద్దు. అది ప్రభుత్వ సరుకు, ప్రతి కిలోకీ ఆవిడ జవాబుదారీ. ఒక చోట మన కుర్రాళ్ళు గది అద్దంలా కడిగి, స్టాకంతా కాలవలో పోసి సెల్ఫీ దిగి వెళ్ళిపోయారు. ఆ టీచరమ్మ తర్వాత లెక్క చూపించుకోలేక ఆఫీసు చుట్టూ తిరిగింది. ముందు ఫోటో, తర్వాత రిజిస్టర్లో నోట్, సూపర్‌వైజర్ సంతకం, అప్పుడు గొయ్యి తీసి పూడ్చడం.

సెల్ఫీ అన్నాను కాబట్టి ఇదీ చెబుతా. పిల్లల మొహాలు రీల్స్‌లో పెట్టొద్దు. ముక్కు కారుతూ, బురద చొక్కాతో ఉన్న బిడ్డ ఫోటో మీ ఇంట్లో బిడ్డదైతే పెడతారా?

కేంద్రం తెరిచాక మొదటి వారంలోనే పిల్లలందరికీ బరువు, జబ్బ చుట్టుకొలత చూడాలి. టేపు మీద 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే ఎర్ర రంగు, తీవ్ర పోషకాహార లోపం. ఆ బిడ్డని ఆస్పత్రికి పంపాల్సిందే. కొలవడం టీచరమ్మ పని, మీరు అంకె రాసుకోండి, పిల్లల్ని వరసలో నిలబెట్టండి. పాత త్రాసు తుప్పు పట్టిందన్నాను కదా, ఒక కొత్త త్రాసు కొనిస్తే పది బొమ్మల పెట్టె కంటే మేలు.

ఎప్పుడు వెళ్ళాలి అని అడుగుతారు. మొదటి వారం పడవలున్నవాళ్ళది, ఎన్‌డీఆర్‌ఎఫ్ విపత్తు దళం వాళ్ళది. ఆ వారం ప్రతి ఒక్కరూ వస్తారు, ఫుడ్ ప్యాకెట్లు మిగిలిపోయి కుళ్ళుతాయి. ఫైరింజన్లు ఇళ్ళు కడిగి వెళ్ళిపోయాక, టీవీ వాళ్ళు ఇంకో వార్తకి మళ్ళాక మీ వంతు వస్తుంది. నాలుగో వారంలో ఎవరూ కనిపించరు. అప్పటికి గోడలు ఇంకా చెమర్చుతూనే ఉంటాయి, పిల్లలకి దగ్గులు మొదలవుతాయి, ఇంటి ఓనరు గది ఖాళీ చేయమంటాడు. కొత్త గది వెతకడానికి టీచరమ్మతో కలిసి వీధులు తిరిగే మనిషి కావాలి. వారానికి ఒక్క పూట వచ్చినా సరే, అదే మనిషి రావాలి. వారానికో కొత్త బ్యాచ్ వస్తే పిల్లలు బెదురుతారు, టీచరమ్మకి మళ్ళీ మొదట్నుంచి చెప్పుకోవడమే పని.

1975 అక్టోబరు 2న మొదలైన ఈ ఐసీడీఎస్ పథకానికి యాభై ఏళ్ళు నిండాయి. ఎల్‌కేజీ ఫీజు కట్టలేని ఇంటికి ఇదే ఎల్‌కేజీ. ఇంకో వరద వచ్చేదాకా ఆగక్కర్లేదు, వానాకాలం లోపు చేయాల్సిన పనులున్నాయి. మీ కాలేజీకి దగ్గర్లో, పల్లంలో ఉన్న కేంద్రాలు ఎన్నో చూడండి. రిజిస్టర్లు పెట్టడానికి తలకంటే ఎత్తులో ఒక అటక పలక కొట్టించండి. కాగితాలకి జిప్ కవర్లు కొనివ్వండి. ప్రతి పిల్లకి రెండు ఫోన్ నంబర్లు, ఒకటి వేరే పేటలో ఉండే బంధువుది, రాయించండి. నీళ్ళొస్తే ఎవరింటి పై అంతస్తుకి మార్చుకోవచ్చో టీచరమ్మతో కలిసి ఇప్పుడే మాట్లాడి పెట్టండి. పొద్దున పదిన్నరకి వెళ్ళండి. భోజనాల టైముకి మాత్రం వెళ్ళొద్దు, ఆ గంటలో ఆయమ్మకి మీ మొహం చూసే తీరిక కూడా ఉండదు.